యాభై రెండో వారం

16 జూన్ 1997, సోమవారం. పుంగనూరు

ఈ రిజిస్టరు రెడ్డెప్ప సారు ఇచ్చింది. కుప్పంలో ఆయన అద్దె లైబ్రరీలో ఆరేళ్లు కూర్చుని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్నాను. పెళ్లికి ఆయన కానుక వాడని రిజిస్టరు ఒకటి, అరసీసా ఆకుపచ్చ సిరా. "ఏమీ తోచకపోతే రాసుకోమ్మా కమలాక్షీ" అన్నాడు. పెళ్లై మూడు నెలలైంది. ఇవాళ తోచలేదు.

ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. మా ఆయన కుప్పం బస్సుకు కండక్టరు. ఒక రోజు ఇంట్లో ఉంటే ఒక రోజు నైట్ హాల్టు. అత్త రమణమ్మ మాట్లాడుతుంది గానీ నాతో కాదు, నా ఎడమచేతితో. "ఆ సేత్తో వడ్డిస్తే తినబుద్ధి అయితాదా ఎవురికైనా?" అంటుంది. పుట్టుకతో వచ్చిన చేయి, దాన్ని ఎక్కడ పారేయను? కుడిచేత్తో వడ్డించి చూశాను. పప్పు ఆకు దాటి చాప మీద పడింది. దానికీ తిట్టింది.

ఇక అనూష. ఏడేళ్లు. ఆయన మొదటి భార్య మునిలక్ష్మి కూతురు. మునిలక్ష్మి పోయి పదహారు నెలలు. పిల్ల నాతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. నేను పెట్టింది తినదు. నానమ్మ పెడితే రెండు ముద్దలు తింటుంది. పాలు మాత్రం ఎవరిచ్చినా తాగదు. ఒంట్లో రక్తం లేదని డాక్టరు చెప్పాడు. నీరసంతో పడిపోతోందని బడి మాన్పించారు. పగలంతా ఇంట్లోనే ఉంటుంది, ఒక దిండు ఒళ్లో పెట్టుకుని.

నా పాత పెన్ను ఉంటే రాత ఇంకా బాగుండేది. లైబ్రరీలో ఎవరో ఎత్తుకుపోయారు. పుస్తకాలు చదివేవాళ్లు దొంగతనం చెయ్యరంటారు. నేను నమ్మను.

19 జూన్

జాడీ కోసం అటక ఎక్కితే పుస్తకం దొరికింది. "మకరగిరి రాణి". వారపత్రికలో ఏడాది పాటు వచ్చిన సీరియల్. పేజీలు కత్తిరించి, వరుసగా పేర్చి, ఎర్ర కాలికో గుడ్డ అట్ట వేసి కుట్టించి ఉంది. లోపలి అట్ట మీద మునిలక్ష్మి పేరు.

ఈ నవల లైబ్రరీలో వారం వారం చదివాను. పత్రిక రాగానే సారు చూడకముందే సీరియల్ పేజీ తిప్పేదాన్ని. ముగింపు తెలుసు. తెలిసినా దిగేటప్పుడు నిచ్చెన మీదే పది పేజీలు చదివాను.

అలవాటు కొద్దీ ముందు చివరి పేజీలు ఉన్నాయా లేవా అని చూశాను. లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ అట్లా చూసే ఇచ్చేదాన్ని. నలభై తొమ్మిది వారాలు అచ్చులో ఉన్నాయి. యాభై, యాభై ఒకటి చేతిరాతలో ఉన్నాయి. దొరకని వారాలు ఇంకొకరి దగ్గర చూసి రాసుకుని కలిపి కుట్టించుకోవడం మామూలే. యాభై రెండు, అదే ఆఖరి వారం, లేదు. కుట్టు దగ్గర సన్నటి కాగితపు అంచులు మాత్రం మిగిలాయి. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉన్నాయి.

చేతిరాత ఆకుపచ్చ సిరాలో ఉంది. ఆకుపచ్చ సిరా ఎవరైనా కొనుక్కోవచ్చు.

20 జూన్

వంకాయ మాడింది. జయసేనుడు పూలమ్మేవాడి వేషంలో అంతఃపురంలోకి పోయాడు. మాడదా మరి.

23 జూన్

పదిహేడు వారాలు అయిపోయాయి. వారం ఆగే పని లేకుండా చదువుకోవడంలో ఎంత సుఖముందో! అప్పట్లో జయసేనుణ్ణి కోట గోడ మీద వేలాడదీసి "సశేషం" అని వేస్తే ఏడు రోజులు అన్నం సహించేది కాదు. ఇప్పుడు పేజీ తిప్పితే చాలు, వాడు కిందికి దూకుతాడు, మందారిక తలుపు తీస్తుంది, పూలబుట్ట కింద పడుతుంది. ఆ పూలబుట్ట దగ్గర నేను రెండుసార్లు ఆగి వెనక్కి చదివాను. ఆయన ఇంట్లో ఉండి ఉంటే నా ముఖం చూసి నవ్వేవాడు.

రాజుగారి మొదటి రాణి మృణాళిని చనిపోయిందని మంత్రి ఊరంతటినీ నమ్మించాడు. నిజానికి ఆమె కోటలోనే దీపస్తంభం మీది గదిలో ఉంది. కిటికీలోంచి కూతురు నీహారికను చూసుకుంటూ ఉంటుంది. రెండో రాణి హేమాంగి వచ్చింది. అందరూ ఆమెను పొగుడుతారు, ఎవరూ నమ్మరు. అప్పుడు చదివినప్పుడు నాకు మృణాళిని అంటే ప్రాణం. ఇప్పుడు ఎందుకో హేమాంగి వచ్చిన చోటల్లా మెల్లిగా చదువుతున్నాను.

నోరు చేదుగా ఉంది. నిన్న కూడా ఇంతే. కడుపులో తిప్పుతోంది.

ఇంకొకటి. పదిహేడో వారం దగ్గర జడపిన్ను పెట్టి మూసి, నీళ్లకు పోయి వచ్చాను. వచ్చేసరికి పుస్తకం తెరిచి ఉంది. యాభై ఒకటో వారం దగ్గర. గాలికని అనుకుందామంటే గాలి లేదు.

25 జూన్

మధ్యాహ్నం వంటింట్లో ఉంటే నడవలోంచి మాటలు వినిపించాయి. అనూష గొంతు. ఒక మాట అని ఆగుతోంది, విని మళ్లీ అంటోంది. తొంగి చూశాను. అటక నిచ్చెన కింద కూర్చుని పైకి చూస్తోంది. నన్ను చూసి మాట ఆపింది. తర్వాత నాతో మాట్లాడింది, మూడు నెలల్లో మొదటిసారి.

"అమ్మ అడగతాండాది. నువ్వు యాడిదాకా సదివినావని."

నేను జవాబు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. "ఇరవై ఆరో వారం" అన్నాను. పిల్ల పైకి చూసి తలూపింది.

27 జూన్

చేతిరాత వారాలు చదివాను.

యాభయ్యో వారంలో ఏమీ తేడా లేదు. యాభై ఒకటో వారం చివర ఇట్లా ఉంది. "హేమాంగి ఎడమచేత్తో పాలగిన్నె అందుకుంది. ఏ పనైనా ఆమె ఆ చేత్తోనే చేసేది. రాకుమారి పక్కన కూర్చుని, ఎడమచేత్తోనే గిన్నె చాచింది. సశేషం."

అచ్చులో ఎడమచేయి లేదు. ప్రమాణం చేసి చెబుతాను, లేదు. ఉంటే నాకు గుర్తుండదా?

ఆఖరి వారంలో ఏం జరుగుతుందో కూడా గుర్తుంది. పాలలో విషం. పిల్ల తాగబోతుంటే పెంచిన చిలుక ముందు ముక్కు పెట్టి చచ్చిపోతుంది. రాజు హేమాంగిని దీపస్తంభం గోడలో నిలబెట్టి సున్నంతో మూయించేస్తాడు. ఆ వారం లైబ్రరీకి వచ్చిన ఆడవాళ్లందరూ తెగ సంతోషపడ్డారు. నేను కూడా.

అంటే పిల్లకు తల్లి చెప్పి పోయింది ఇది. ఎడమచేతి రాణి వస్తుంది, పాలు ఇస్తుంది, తాగొద్దు. పోతూ పోతూ ఈ పని చేసి పోయింది. చచ్చినవాళ్ల మీద కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది.

నన్ను చూడనిదానికి నా చేయి ఎట్లా తెలుసు?

28 జూన్

ఎడమచేతివాటం వాళ్లు లోకంలో బోలెడంతమంది ఉంటారు.

1 జూలై

ఆయన నిర్ణయించేశాడు. మదనపల్లెలో ఒక హాస్టల్లో సీటు దొరికిందట. ఇరవై ఒకటో తేదీ, సోమవారం, తీసుకుపోయి దింపుతాడు. "నలుగురు పిలకాయలతో కూసుంటే అదే తింటాది. ఈడుంటే నా బిడ్డ నాకు దక్కేట్టు లేదు కమలా" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

మంచిదే అన్నాను. పిల్ల ఆరోగ్యం కోసమే అన్నాను. నా మనసులో ఇంకేమీ లేదు.

3 జూలై

పిల్ల ఆరోగ్యం కోసమే.

బజారు వీధిలో అబ్దుల్ వహాబ్ బైండింగు దుకాణానికి పోయాను. అట్ట వెనక ఆయన చీటీ ఉంది. పెద్దాయన పుస్తకం చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది నేను కుట్టిందే అమ్మా. యాభై రెండు వారాలు. లెక్క పెట్టుకునే కుట్టినా."

"ఆఖరి వారం లేదు వహాబ్ సాబ్."

ఆయన కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. "ఎవరో బ్లేడుతో కోసినారు. నా కుట్టు ఊడలేదు, సూడు. ఆయమ్మ అప్పటికి మెట్లెక్కలేకుండా ఉండె. రిక్షాలోనే కూసుని సెప్పె, 'ఆఖరి వారం గట్టిగా కుట్టు భాయ్, అది ఊడిపోకూడదు' అని. రెండింతలు దారం ఏసినా."

వచ్చేటప్పుడు నేను వేలు తడిచేసుకుని పేజీ తిప్పడం చూసి కంగారుపడ్డాడు. "ఏలు నాలిక్కి పెట్టొద్దమ్మా. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతాము. విషం అది."

నోటి చేదు అదన్నమాట. ఇంటికి వచ్చి ఉప్పునీళ్లతో పుక్కిలించాను. అంతవరకు నేను వేరే ఏమనుకున్నానో రాయను.

6 జూలై, ఆదివారం

దిండు గలీబు నల్లగా మాసిపోయింది. ఉతుకుదామని అనూష ఒళ్లోంచి తీయబోయాను. చేతిని కొరికింది, ఎడమచేతినే. పళ్లు దిగాయి. దిండులో ఏదో కరకరలాడింది. పాత బూరుగుదూది, గింజలుంటాయి.

అత్త పసుపు అద్దుతూ "అది వాళ్లమ్మ తలకింద పెట్టుకున్న దిండు. దాని జోలికి పోవద్దులేమ్మా" అంది. మొదటిసారి మెత్తగా మాట్లాడింది.

9 జూలై

పిల్లే వచ్చి నా దగ్గర కూర్చుంది. పక్కన కాదు, మూర దూరంలో. నేను టమాటాలు తరుగుతున్నాను. చాలాసేపు కత్తి పట్టిన చేతిని చూసింది.

"ఆ పాలల్లో ఏముండాది?"

ఏ పాలని నేను అడగలేదు. "పాలే" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"నేను ఆఖరి వారం చదివాను. కుప్పంలో ఉన్నప్పుడు."

పిల్ల ముఖం పాలిపోయింది. రెండు చెవులూ మూసుకుంది. "సెప్పొద్దు. సెప్తే అయిపోతాది."

"అయిపోతే ఏమవుతుంది?"

"'కథ అయిపోయేదాకా యాడికీ పోను' అనింది అమ్మ. ఇంకా అయిపోలా గదా. ఈడే ఉండాది."

నిచ్చెన వైపు చూపించింది. నేనూ చూశాను. అక్కడ ఏమీ లేదు. నేను చూసినప్పుడు లేదు.

బ్లేడు ఎవరిదో అప్పుడు అర్థమైంది. ఆయన గడ్డం గీసుకునే బ్లేడు. ఐదేళ్ల పిల్ల అప్పటికి. ఆఖరి వారం కోసేస్తే అమ్మ ఉండిపోతుందనుకుంది. పేజీలు ఎక్కడ దాచావని అడగలేదు. నాకు వాటిని చూడాలని లేదు. అందులో పిల్ల చేతి దూరంలో విషముంది, అది ఇచ్చేది నా చేయి.

13 జూలై, ఆదివారం. కుప్పం

అమ్మను చూసి వస్తానని చెప్పి, నిన్న ఆయన బస్సులోనే వచ్చాను. పలమనేరు, వి.కోట దాటేదాకా టికెట్లు కొడుతూనే ఉన్నాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఏదో అనబోయి ముందుకు పోయాడు.

రెడ్డెప్ప సారు లైబ్రరీ అట్లాగే ఉంది. నా కుర్చీలో ఎవరూ లేరు. పాత పత్రికల కట్ట విప్పించి ఆఖరి వారం అచ్చు చూశాను. నా జ్ఞాపకం తప్పు కాదు. విషం, చిలుక, సున్నం. ఎడమచేయి లేదు.

"ఈ సీరియల్ కోసమే గదా ఒకామె మూడు రోజులు వచ్చి రాసుకునింది" అన్నాడు సారు. "రిజిస్టరులో నువ్వే రాసినావే."

తీసి చూపించాడు. డిసెంబరు 1995. నా రాతే, వెనక్కి వాలిన నా అక్షరాలే, ఆకుపచ్చ సిరాలో. "మునిలక్ష్మి, పుంగనూరు. చూసి రాసుకోవడానికి."

పేరు నేను రాశాను. రాసి మర్చిపోయాను. ఆరేళ్లలో ఎన్ని వందల పేర్లు రాసి ఉంటాను!

మెల్లిగా గుర్తొచ్చింది. సన్నగా, చలికాలం ఎండలో కూడా స్వెట్టరు, తలకు స్కార్ఫు. గుడుపల్లెలో అన్న ఇంట్లో ఉన్నాను, మందుల కోసం వచ్చాను అంది. కిటికీ దగ్గర కూర్చుంది. పెన్ను తెచ్చుకోలేదంటే నాదిచ్చాను. "పెండ్లి అయిందామ్మా నీకు?" అని అడిగింది. కాలేదన్నాను. "పిలకాయలంటే ఇష్టమా?" అంది. ఇష్టం లేకపోయినా లేదని ఎవరంటారు? ఇష్టమే అన్నాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. చూసి రాసుకునేవాళ్లు పుస్తకం వైపు చూస్తారు. ఆమె నా వైపు చూస్తూ రాసింది. మూడో రోజైతే పత్రిక మూసే ఉంది.

రిజిస్టరులో ఆ తేదీ తర్వాత అంతా నీలం బాల్‌పెన్నే.

14 జూలై. పుంగనూరు

ఆయన డ్యూటీకి పోబోతూ చెప్పులు వేసుకుంటుంటే అడిగాను. "నన్ను చేసుకోమని మీకు ఎవరు చెప్పారు?"

చెప్పులు విడిచి కూర్చున్నాడు. చాలాసేపు టికెట్ల సంచి బకిల్ పెట్టి తీసి పెట్టి తీశాడు.

"ఆయమ్మే సెప్పింది. 'కుప్పం లైబ్రరీలో ఒక పిల్ల ఉండాది. ఎడమసేత్తో రాస్తాది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆఖరు పేజీలు ఉండాయా లేవా అని సూసి ఇస్తాది. ఏడాది ఆగి, ఆ పిల్లను అడుగు' అనింది. నాకు అప్పుడు ఆ మాట యినబుద్ధి కాలా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల సెప్పేది కమలా?"

అంటే పెళ్లిచూపులు అప్పుడే అయిపోయాయి. స్వెట్టరు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని, నన్ను చూసి వెళ్లింది వేరే మనిషి. నాకు ఒళ్లు మండింది. తర్వాత భయమేసింది. ఏరి కోరి తెచ్చుకున్న మనిషిని ఎందుకు విషం పెట్టే రాణిని చేసింది?

17 జూలై

ట్రంకు పెట్టె వచ్చింది. మూత మీద తెల్ల పెయింటుతో "జి. అనూష" అని రాయించాడు. నడవలో పెట్టాడు, నిచ్చెన పక్కనే. హాస్టల్లో దిండు వాళ్లే ఇస్తారు, ఇంటిది తేకూడదు అని చెప్పాడు. పిల్ల విన్నది, దిండు ఒళ్లోకి లాక్కుంది.

18 జూలై

నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. నానమ్మ చేతిది కూడా.

పంపేస్తే మంచిదేనని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. నాకు ఈ ఇంట్లో అది తప్ప ఎవరున్నారు? రోజూ ఏ వారం చదివానని అడిగింది అదొక్కటే.

పిల్ల నాకు కావాలి. రాసేశాను.

20 జూలై, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన కుప్పం పోయాడు, రేపు పొద్దున బస్సుకు వస్తాడు. మధ్యాహ్నం అత్త పక్కింట్లో ఉంది. అనూష దిండు రెండు చేతులా పట్టుకుని వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. దిండు నా ఒళ్లో పెట్టింది.

"కోసెయ్."

"ఏమిటి?"

"నేను పోతే అమ్మ ఈడ ఒకతే ఉంటాది. నువ్వు దిండు ఉతికేస్తావు. అమ్మను ఒకదాన్నే ఇడిసిపెట్టి పోయేదానికి కాదు. సదివెయ్. పోనీలే."

పిల్ల గొంతులో ఏడుపు లేదు. నాకే వచ్చింది. ఎడమచేత్తో కత్తెర తీసుకుని గలీబు ఒక మూల కోశాను. దూది మధ్య నాలుగు కాగితాలు, మడతలు పడి. ఆకుపచ్చ సిరా. పిల్లకు కలిపిరాత చదవడం రాదు. అందులో విషమే ఉంటే, ఉన్నది వదిలేసి నా సొంతంగా చదివేద్దామని నిశ్చయించుకున్నాను. లైబ్రరీలో ఆరేళ్లు కూర్చున్నదానికి ఆ మాత్రం రాదా? ముందు కళ్లతో ఒక వాక్యం చూసుకుని, తర్వాత పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యం నుంచి ముందు చూసుకోవడం మానేశాను.

ఇట్లా ఉంది.

"గిన్నె చాచిన హేమాంగి ఆగింది. ఈ పిల్ల నన్ను నమ్మదు, నమ్మవలసిన పని కూడా లేదు, నేను నిన్న వచ్చినదాన్ని అనుకుంది. ఆమెకు కోపం రాలేదు. గిన్నె తన నోటికి ఎత్తి, ముందు తానొక గుక్క తాగింది. మిగిలినవి ఎడమచేత్తోనే అందించింది. ఆ చేయి వంకరది కాదు, ఆమెకు ఉన్నది ఆ చేయి. నీహారిక తాగింది. దీపస్తంభం మీది నుంచి మృణాళిని అంతా చూసింది. ఇన్నాళ్లూ కిటికీ వదలకుండా ఉన్నది ఇది చూడటానికే. చూశాక కిటికీ తలుపు మూసి, అవతలి వైపు మెట్లు దిగి వెళ్లిపోయింది. సమాప్తం."

విషం లేదు. చిలుక లేదు. సున్నం లేదు. ఎక్కడా చూసి రాసింది కాదు ఇది.

ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. అప్పుడు అటక నిచ్చెన కిర్రుమంది. పైనుంచి మూడో మెట్టు. ఎవరైనా కాలు పెడితే ఆ మెట్టు అట్లాగే కిర్రుమంటుంది. ఎవరూ కాలు పెట్టలేదు. కాసేపటికి కింది మెట్టు కూడా. అనూష చూపు నిచ్చెన మీది నుంచి నడవ దాటి వీధి తలుపు దాకా మెల్లిగా పోయింది, ఎవరినో సాగనంపినట్టు. తలుపు వేసే ఉంది. నేను దాని ముఖం తప్ప ఇంకెక్కడా చూడలేదు. ధైర్యం చాలలేదు.

"పాయ" అంది.

నేను కాగితాలు పక్కన పెట్టాను.

"ఆకలైతాండాది" అంది.

పాలు వెచ్చబెట్టాను. గ్లాసు తెచ్చి దాని ఎదురుగా కూర్చుని ముందు నేనొక గుక్క తాగాను. మిగిలినవి ఎడమచేత్తో అందించాను. రెండు చేతులా పట్టుకుని, ఆపకుండా తాగింది. పెదవి మీద తెల్లటి గీత. కొంగుతో తుడిచాను, ఊరుకుంది.

కాగితాలు మడిచేటప్పుడు ఆఖరి కాగితం వెనక రెండు వాక్యాలు కనిపించాయి. అక్షరాలు పెద్దవి, వంకరపోయాయి. పడుకుని రాసినట్టున్నాయి.

"కమలాక్షీ, నీ పెన్ను వాపసు ఇయ్యలేదు, ఏమనుకోవద్దు. అనూష దగ్గర ఉంది, అడిగి తీసుకో."

నా పేరు ఆ ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. నేను ఈ గడప తొక్కడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. చాలాసార్లు చదివాను. తర్వాత ఎంత మెల్లిగా అనగలనో అంత మెల్లిగా అన్నాను.

"అనూషా. పెన్ను ఇస్తావా?"

అది నన్ను ఎగాదిగా చూసింది. దిండు కోసిన మూలలోంచి చేయి పెట్టి రెండో మూల దాకా వెతికింది. దూది అంటిన నా పెన్ను తీసి, గౌనుకు తుడిచి, నా ఎడమచేతిలో పెట్టింది.

"అడిగినోళ్లకే ఇయ్యమనింది అమ్మ. ఎవురూ అడగలా."

21 జూలై, సోమవారం

పొద్దున బస్సు దిగి వచ్చేసరికి ఆయనకు ట్రంకు పెట్టె నడవలో కనిపించలేదు. అటక మీద ఉంది, జాడీల పక్కన. నేనే ఎక్కించాను. మెట్లు నాకు కిర్రుమనలేదు. ఒకటీ అనలేదు.

"పిల్ల ఎక్కడికీ పోదు" అన్నాను. ఆయన నా ముఖమూ పిల్ల ముఖమూ చూసి, చొక్కా విప్పి తగిలించి, నీళ్లు అడిగాడు. అనూష రెండు ఇడ్లీలు తిని, మూడోది సగం వదిలింది. అత్త నేను వడ్డించే చేయి చూసి కూడా ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లో ఉన్నదాన్ని ఒకసారి నడవలోకి వచ్చి, నిచ్చెన కింద నిలబడి, పైకి చూసి, "యాభై రెండూ అయిపోయాయి" అని చెప్పాను.

పిల్ల పక్కనే ఉంది. మూర దూరం లేదు. "సిన్నమ్మా, రేపు ఏం కథ?" అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను.

ఇది నా పాత పెన్నుతోనే రాస్తున్నాను. పాళీ ఆమె కుడిచేతి రాతకు అరిగి ఉంది, కాగితం మీద గీరుకుంటోంది. నాలుగు రోజులు రాస్తే నా చేతికి అలవాటవుతుంది.